ప్రధాని పదవి ఎక్కడ పోతుంది: సభలోనా, సభ బయటా?

పార్లమెంటరీ వ్యవస్థలో ప్రధానమంత్రికి నిర్ణీత పదవీకాలం లేదు. గడువు సభకే గాని ప్రధానికి కాదు. దిగువసభలో మెజారిటీ మద్దతు ఉన్నంతకాలమే ఆ పదవి. ఈ నియమం బ్రిటన్‌లో ఆనవాయితీగా మొదలైంది. 1742లో ఒక ఎన్నిక వివాదంపై ఓటింగులో ఓడిన రాబర్ట్ వాల్పోల్, రాజు అభిమానం ఉన్నా ఇక దిగువసభ అయిన కామన్స్‌ను నడపలేనని గ్రహించి ప్రధాని పదవి నుంచి తప్పుకున్నారు. 1782లో అమెరికా యుద్ధం చేజారాక లార్డ్ నార్త్ అవిశ్వాసం నెగ్గేలా ఉందని తెలిసి, ఓటింగు వరకూ ఆగకుండా రాజీనామా చేశారు.

1979 మార్చి 28 రాత్రి జేమ్స్ కాలహాన్ నడిపిన లేబర్ పార్టీ ప్రభుత్వం అదే సభలో 310–311తో, ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడింది. లేబర్ సభ్యుడు ఆల్ఫ్రెడ్ బ్రౌటన్ అప్పటికి తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆయన్ను తీసుకొస్తే ఓట్లు సమానమయ్యేవి. కానీ ఆ ప్రయాణం ప్రాణం మీదికి రావచ్చని కాలహాన్ వద్దన్నారు. బ్రౌటన్ కొద్దిరోజులకే కన్నుమూశారు. అధికారం చేజారుతుందని తెలిసీ తీసుకున్న ఆ నిర్ణయం పార్లమెంటు చరిత్రలో గౌరవంగా తలచుకోదగినది.

మన లోక్‌సభలోనూ ఒక్క ఓటే 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వాన్ని దించింది. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించడంతో ఆయన బలం నిరూపించుకోవలసి వచ్చింది, ఫలితం 269–270. ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యాక కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ వేసిన ఓటుపై చర్చ ఇప్పటికీ తెగలేదు. అయితే గమనించవలసింది మరొకటుంది: మన దేశంలో అవిశ్వాస తీర్మానం నెగ్గి ప్రధాని దిగిపోయిన సందర్భం ఇంతవరకూ లేదు. 1990లో వి.పి.సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజ్‌పేయి తాము పెట్టిన విశ్వాస తీర్మానాలే వీగిపోయి దిగారు. మొరార్జీ దేశాయ్ 1979లో అవిశ్వాసంపై ఓటింగు జరగకముందే రాజీనామా చేశారు. అంటే మద్దతుదారులు విడిపోయినప్పుడే తీర్పు ఖాయమైంది, సభలో లెక్క మాత్రమే తేలింది.

పడగొట్టడానికి కలిసినవారు పాలించడానికి కలవకపోవచ్చు. 1999లో ప్రత్యామ్నాయ ప్రభుత్వం ఏర్పడక ఎన్నికలు వచ్చాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య వైమార్ రిపబ్లిక్ కాలపు అస్థిరతను చవిచూసిన జర్మనీ మాత్రం 1949 రాజ్యాంగంలోనే దీనికి అడ్డుకట్ట వేసింది: కొత్త ఛాన్సలర్‌ను (అక్కడి ప్రధానిని) ఎన్నుకోగలిగితేనే సభ పాతవారిని దించగలదు. 1982లో ష్మిట్ స్థానంలో కోల్ వచ్చింది ఆ దారినే.

సొంత పార్టీ తిరగబడితే ఏ నిబంధనా ఆదుకోదు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి 2018 మధ్య రడ్, గిలార్డ్, అబాట్, టర్న్‌బుల్ అనే నలుగురు ప్రధానులూ తమ పార్టీ ఎంపీల చేతిలోనే పదవి కోల్పోయారు. బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ 1990 నాయకత్వ పోటీ తొలి విడతలో 204–152తో ముందున్నా, నిబంధన కోరిన ఆధిక్యం నాలుగు ఓట్ల దూరంలో ఆగిపోయింది. మంత్రులు ఒక్కొక్కరుగా వచ్చి గెలవడం కష్టమని చెప్పారు. నవంబరు 22 ఉదయం ఆమె వైదొలగుతున్నట్టు ప్రకటించి, మధ్యాహ్నం సభకు వెళ్లి ప్రతిపక్షం పెట్టిన అవిశ్వాసంపై మాట్లాడారు. ఆ తీర్మానం వీగిపోయింది. సభ విశ్వాసం ఉన్నట్టు తేలిన ఆరు రోజులకు, సాధారణ ఎన్నికలేవీ జరగకుండానే, జాన్ మేజర్ ప్రధాని అయ్యారు.