కుమ్మరి విద్య గడప ఎందుకు దాటలేదు

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైన దగ్గర్నుంచి తిరుపతి, చిత్తూరు వైపు కుమ్మరి ఇళ్లలో ఒక మాట తరచుగా వింటున్నాను. "ట్రైనింగ్‌కి పోయొచ్చినాం, అయితే అడగాల్సింది అడగలేకపోతిమి" అని. ఆ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కుమ్మరి పని ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు 2018 నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వాళ్లు కరెంటు సారెలు, అంటే కరెంటుతో తిరిగే కుమ్మరి చక్రాలు, ఇస్తూ వచ్చారు. కర్రతో బండసారె తిప్పి తిప్పి నడుము పోగొట్టుకున్న తాతల్ని చూసినవాణ్ని, కరెంటు సారె విలువ నాకు తెలుసు. కానీ శిక్షణ గదిలో పాతికమంది కుమ్మరులు కూర్చుంటే ఒకరి మట్టి సంగతి ఇంకొకరికి చెప్పరు. నీ చట్టి పొయ్యి మీద ఎందుకు పగలదన్నా అని అడిగితే నవ్వి, "అంతా మన్నులో ఉందిలే" అని మాట మార్చేస్తారు.

బయటివాళ్లకు ఇది పిసినారితనంలా కనిపిస్తుంది. నేను ఆ ఇళ్లలోనే పుట్టి పెరిగాను. అది పిసినారితనం కాదు, దాని వెనక చాలా పాత లెక్క ఒకటి ఉంది.

రాయలసీమ ఊళ్లలో విజయనగర కాలం నుంచీ ఆయగాళ్ల ఏర్పాటు ఉండేది. పన్నెండు మంది ఆయగాళ్లు అంటారు, వాళ్లలో కుమ్మరి ఒకడు. ఊరికి కావలసిన కడవలు, చట్లు, బానలు, మూకుళ్లు, దీపావళికి ప్రమిదలు, పెళ్లికి ఐరేణి కుండలు, చావుకు కుండ, అన్నీ ఆ ఇంటివాళ్లే ఇవ్వాలి. దానికి బదులు కళ్లం దగ్గర ధాన్యంలో మేర, అంటే వాటా, వస్తుంది. ఒక్కో కుటుంబానికి ఇన్ని ఊళ్లని ఉండేది, ఆ ఊళ్లలో ఇంకో కుమ్మరి అమ్మడానికి వీల్లేదు. ఇలాంటి ఏర్పాటులో విద్యను దాచిపెట్టాల్సిన పనీ లేదు, బయటివాడికి నేర్పాల్సిన పనీ లేదు. పక్క ఊరి కుమ్మరి నా కుండలాంటిదే చేసినా నా మేర నాకు వస్తుంది. నేను ఎంత గొప్ప కుండ చేసినా పక్క ఊరి మేర నాకు రాదు. కొడుకు తండ్రి పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటాడు, అంతే. పుస్తకం, పలక ఏవీ అవసరం రాలేదు.

అయితే విద్య అసలు కదలలేదనుకుంటే పొరపాటు. అది ఆడవాళ్లతో కదిలింది, ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. మా వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు సారె ముందు కూర్చోకూడదనే కట్టుబాటు ఉంది. కానీ మట్టి తెచ్చి ఎండబెట్టి చితక్కొట్టడం, నానబెట్టడం, ఇసుక కలపడం, జేగురు (ఎర్రమన్ను) పూయడం, కుండలు కాల్చే ఆవం పేర్చేటప్పుడు కుండలు అందించడం, ఇదంతా వాళ్ల చేతి పనే. మా అవ్వది పుంగనూరు వైపు. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాళ్ల పుట్టింట్లో ఇసుకతో పాటు సన్నగా జల్లించిన బూడిద కలిపే పద్ధతి తెచ్చింది, మా ముత్తాత మొదట ఒప్పుకోలేదంట, రెండు ఆవాలు కాల్చి చూశాక ఒప్పుకున్నాడంట. సారె తాకనివ్వని మనిషి చేతుల మీదుగా ఒక ఊరి విద్య ఇంకో ఊరికి వచ్చింది. ఆమె పేరుతో ఎవరూ ఆ పద్ధతిని పిలవలేదు, నాకు ఇప్పటికీ అది బాధగానే ఉంటుంది.

ఇంకో కారణం ఈ విద్య స్వభావంలోనే ఉంది. మట్టి పదును అనే మాట తీసుకోండి. కాలి కింద తొక్కుతుంటే మడమకు అంటకుండా, వేలితో నొక్కితే గుంట నిలిచేలా ఉండాలి. ఇది కిలోల్లో, లీటర్లలో చెప్పేది కాదు. వానాకాలం ఒక పదును, ఎండాకాలం ఒకటి. ఒకే చెరువులో తూము దగ్గర తవ్విన మట్టి వేరు, లోపల తవ్వింది వేరు. పైగా మన పెద్ద కుండలు సారె మీద పూర్తి కావు. సారె మీద మూతి, భుజం వస్తాయి, అడుగు దళసరిగానో తెరిచో ఉంటుంది. కాస్త ఆరాక లోపల గుండ్రాయి పెట్టి బయట చెక్కతో చరుస్తూ చరుస్తూ అడుగు మూసుకొచ్చి, కడుపు పెద్దది చేస్తారు. చెక్క దెబ్బకు వచ్చే చప్పుడు మారితే గోడ పలచబడిందని చెయ్యి ఆగిపోతుంది. ఆ చప్పుడును ఏ మాటల్లో చెప్పాలి?

ఆవం సంగతీ అంతే. పిడకలు, కట్టెలు, గడ్డి పేర్చి, పైన మట్టి మెత్తి కాల్చే మన ఆవంలో వేడి సుమారు 700 నుంచి 850 డిగ్రీల దాకా పోతుంది. మొదట తెల్లటి ఆవిరి, తర్వాత నల్ల పొగ, తర్వాత మంట తేటపడటం, సందుల్లోంచి చూస్తే కుండ మసక ఎరుపు నుంచి నిప్పు ఎరుపుకు తిరగడం, ఇవే కొలతలు. తొందరపడి మంట పెంచితే లోపల తడి ఆవిరై కుండ పేలుతుంది. ఏడాది పొడుగునా పడే కష్టం ఒక్క పూటలో పోతుంది, కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అని ఊరికే అనలేదు.

రాయని విద్య ఎలా పోతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో పాండవ గుళ్లని పిలిచే ఇనుప యుగపు రాతి సమాధులున్నాయి. దక్షిణాదిలో ఇలాంటి సమాధుల్లో ఎక్కువగా దొరికేవి లోపల, మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు ఉండే కుండలు. ఒకే కుండలో రెండు రంగులు ఎలా వచ్చాయనేది పరిశోధకులు కాల్చి కాల్చి చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. బోర్లించి, గాలి తగలని చోట నలుపు, తగిలిన చోట ఎరుపు వచ్చేలా కాల్చి ఉంటారని ఎక్కువ మంది ఒప్పుకునే మాట. ఆ పని చేసిన చేతులకు అది రోజువారీ సంగతి.

తిరుమల కథలో కూడా ఇదే కనిపిస్తుంది నాకు. కుమ్మరి భీముడు పని చేసుకుంటూనే మట్టి పూలు చేసి స్వామికి అర్పించేవాడని, తొండమాన్ చక్రవర్తి పెట్టిన బంగారు పూల మీద ఆ మట్టి పూలే కనిపించేవని మనందరం విన్నదే. ఇప్పటికీ స్వామికి ఓడులో, అంటే సగం పగిలిన కొత్త కుండలో, పెరుగన్నం నైవేద్యం పెడతారని చెప్పుకుంటాం. కుమ్మరికి ఇంతకు మించిన గౌరవం ఇంకే కథలోనూ లేదు. కానీ ఆ పూలు చేసిన మట్టి ఏ చెరువుదో, పూరేకు విరగకుండా ఎలా ఆరబెట్టాడో కథలో లేదు. భక్తి మిగిలింది, పనితనం భీముడితోనే పోయింది.

పాత లెక్క చెడింది లోహంతో. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉత్తర ఆర్కాటు కింద ఉండేది, చిత్తూరు వేరే జిల్లా అయింది 1911లో. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టిన ఆర్ట్స్ స్కూల్లో కుండలు, పెంకులు, గ్లేజు (గాజులాంటి పూత) పని కూడా నేర్పారు. అదే స్కూల్లో 1898 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు. మట్టి పని నేర్పిన గోడల మధ్యే మట్టి కుండకు పోటీ పుట్టింది. మన ఊళ్ల దాకా సత్తు గిన్నె రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది, తర్వాత స్టీలు, ప్లాస్టిక్ బిందె, ఫ్రిజ్ వరసగా వచ్చాయి. ఊరికి కుండ అవసరం తగ్గితే మేర ఎవరిస్తారు? కుమ్మరి సంతకు, రోడ్డు పక్కకు వచ్చాడు. అక్కడ పక్కన కూర్చున్నది బంధువే అయినా పోటీదారే. నా అభిప్రాయంలో దాచిపెట్టడం అనేది గట్టిపడింది ఇక్కడే. మనం సంప్రదాయం అనుకుంటున్న మౌనంలో చాలా భాగం వందేళ్ల లోపుది, అదీ భయంతో పుట్టింది.

దాచుకోవడం మన ఒక్కరికే ఉన్న గుణం కూడా కాదు. యూరపులో పింగాణీ రహస్యం కోసం సాక్సనీ పాలకుడు బ్యోట్గర్ అనే మనిషిని ఏళ్ల తరబడి కాపలాలో పెట్టించుకుని పని చేయించుకున్నాడు, 1710లో మైసెన్ ఫ్యాక్టరీ అలా వచ్చింది. రెండేళ్లకే, 1712లో, చైనాలో ఉన్న దాంత్రకోల్ అనే ఫ్రెంచి పాదిరి పింగాణీకి పేరున్న జింగ్‌డెజెన్ ఊరి పనివాళ్ల దగ్గర చూసింది, విన్నది ఉత్తరంగా రాసి పంపించాడు. ఆ ఉత్తరంలో పనివాళ్ల పేర్లు లేకపోవడం నాకు గుచ్చుకుంటుంది. పంచుకోవడం వేరు, పట్టుకుపోవడం వేరు.

పలమనేరు మట్టి బొమ్మలు చూసినవాళ్లకు ఈ తేడా బాగా అర్థమవుతుంది. గుర్రాలు, పూల కుండీలు, వినాయకుళ్లు బెంగళూరు దాకా పోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో, తర్వాత 2020లో విగ్రహాల నిమజ్జనం మీద నియమాలు తెచ్చాక మట్టి వినాయకుడికి గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటు అచ్చులు వచ్చాయి. ఒకరు నెల రోజులు కూర్చుని చెక్కిన బొమ్మను ఇంకొకరు ఒక్కటి కొనుక్కుని, దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, వారంలో వంద చేసి తక్కువకు అమ్మేస్తే మొదటివాడు మళ్లీ ఎవరికైనా ఏమైనా చెబుతాడా? అందుకే పంచుకోండి, పంచుకోండి అని ఊరికే ఉపన్యాసం చెప్పేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. బొమ్మ రూపం చేసినవాడిది, దాన్ని అడగకుండా తీసుకోకూడదు. మట్టి ఎలా కలపాలి, ఎలా కాల్చాలి అన్నది అందరిదీ కావాలి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడినన్నాళ్లూ ఎవరూ నోరు విప్పరు.

తలుపు తెరిస్తే ఏమవుతుందో మన శ్రీకాళహస్తిలోనే చూశాం. కలంకారీ కొద్ది కుటుంబాల చేతుల్లో ఆగిపోయే దశలో, 1950ల చివర్లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోవడంతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. కరక్కాయ, పటిక, ఎర్ర రంగునిచ్చే చిరివేరు పద్ధతులు ఆ ఇళ్లు దాటి బయటివాళ్లకు అందాయి. ఇవాళ అక్కడ ఆ కలం పట్టినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. విద్య పలచబడలేదు, బతికింది. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. వాళ్లకు ఒక సౌకర్యం ఉంది, గ్లేజు లెక్కలు తూకాల్లో ఉంటాయి, నోట్‌బుక్‌లో రాసి ఇవ్వొచ్చు. మనకు దగ్గర్లోనే గూడూరులో సిరామిక్ డిప్లొమా చెప్పే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అక్కడి పిల్లలు చదివే మట్టి పరీక్షలు మన కుమ్మరి వీధి దాకా రావాలని, మన వీధిలో తెలిసిన పదును వాళ్ల ల్యాబు దాకా పోవాలని నాకు చాలా ఆశ.

ఎందుకంటే చిన్న సంగతి తెలియక ఎంత నష్టపోతామో మా ఇంట్లోనే చూశాను. కొన్నేళ్ల క్రితం మేం కొత్త చోట నుంచి మట్టి తెచ్చుకున్నాం. ఆవం బాగా వచ్చింది, కుండలు గణగణమన్నాయి. వారం పది రోజులకు కొన్నవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, కుండ మీద రూపాయి బిళ్లంత పెచ్చులు ఎగిరిపోయి, ప్రతి గుంటలో తెల్ల చుక్క. మా నాయన దిష్టి అన్నాడు, నేను మంట తప్పు అన్నాను. మట్టిలో సన్నటి సున్నపు రాయి పలుకులు ఉన్నాయి. ఆవంలో అవి కాలి పొడి సున్నం అవుతాయి, తర్వాత గాలిలో తేమ పీల్చుకుని మెల్లగా ఉబ్బి కుండను లోపల్నుంచి తోస్తాయి. ఇది పుత్తూరు వైపు మా మేనమామ వరస ఒకాయనకు ఎప్పటినుంచో తెలుసు. మట్టిని నీళ్లలో కలిపి సన్న జల్లెడ పట్టు, అప్పటికీ మిగిలితే కుండలు ఆవంలోంచి తీసి ఇంకా గోరువెచ్చగా ఉండగానే నీళ్ల బానలో ముంచి తియ్యి, సున్నం ఒక్కసారిగా తడిసి మెత్తబడిపోతుంది, ఉబ్బదు అన్నాడు. "ముందే చెప్పొచ్చు కదా మామా" అంటే, "నువ్వు అడగలేదు కదరా అబ్బోడా" అన్నాడు.

ఆ ఏడాది నుంచి మా ఆవం పక్కన నీళ్ల బాన ఉంటోంది. పోయిన వేసవిలో పక్కింటి వాళ్ల ఆవం దగ్గరా ఒకటి పెట్టాం, ఏ చెరువు మట్టికి ఎన్ని పెచ్చులు లేచాయో తేదీలు వేసి మా చెల్లెలు నోట్‌బుక్‌లో రాస్తోంది.