కెమెరాకు వాన కంటే వాన వెలిసిన మర్నాడే ఎక్కువ ప్రమాదం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ప్రకృతి దృశ్యాలను తీసేవారు ఏడాదంతా ఎదురుచూసేది రెండు సందర్భాల కోసం: కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తే రోజులు, నల్లమల పచ్చబడి మల్లెలతీర్థం జలపాతం నిండుగా దూకే రోజులు. రెండూ తడి రోజులే కావడంతో కెమెరా గురించిన భయాలన్నీ వాన చుట్టూనే తిరుగుతుంటాయి. అయితే నా చేతికి వచ్చిన పాడైన లెన్సుల్లో ఎక్కువ భాగం బండల మీదనో నీటి ఒడ్డుననో దెబ్బతిన్నవి కావు; ఇంటికి చేరి, తడి బ్యాగులోనే వారం రోజులు మూలన పడి ఉన్నవి.

అపోహ: వెదర్ సీలింగ్ ఉన్న కెమెరాను వానలో నిశ్చింతగా వాడవచ్చు.

వెదర్ సీలింగ్ అంటే బటన్ల చుట్టూ, బ్యాటరీ మూత దగ్గర, లెన్స్ బిగించే చోట అమర్చిన సన్నని రబ్బరు, ఫోమ్ పట్టీలు మాత్రమే. అవి నీటి చుక్కలు లోపలికి దిగడాన్ని ఆలస్యం చేస్తాయే తప్ప పూర్తిగా ఆపలేవు. అందుకే చాలా కంపెనీలు తమ కెమెరాలకు ఏ ఐపీ రేటింగూ (దుమ్మును, నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో అంకెల్లో చెప్పే ప్రమాణం) ప్రకటించవు. ఓఎం సిస్టమ్ ఓఎం-1 వంటి అరుదైన కెమెరాకు ఐపీ53 రేటింగ్ ఉన్నా, అది అదే స్థాయి రక్షణ ఉన్న లెన్స్ బిగించినప్పుడే వర్తిస్తుంది. ఆ అంకెల్లో చివరిదైన 3, నిలువు నుంచి 60 డిగ్రీల వాలు వరకు పడే జల్లును తట్టుకుంటుందని చెబుతుంది. సాగర్‌లో 26 గేట్లలో కొన్నింటినైనా ఎత్తినప్పుడు లేచే తుంపర ఈ లెక్కకు లొంగదు, ఎందుకంటే అది గాలి వాటును బట్టి దాదాపు అడ్డంగా వచ్చి ముఖాన కొడుతుంది. పైగా జూమ్ చేసినప్పుడు పొడవు పెరిగే లెన్సులు ప్రతిసారీ బయటి గాలిని, దానితో పాటు తేమను లోపలికి పీల్చుకుంటాయి.

కాబట్టి కెమెరా ఎంత ఖరీదైనదైనా నా జేబులో ఒక మందపాటి పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక చేతి తువ్వాలు ఉంటాయి. కవరుకు రంధ్రం చేసి లెన్స్ హుడ్ (లెన్స్ ముందు బిగించే తొడుగు) చుట్టూ బ్యాండుతో బిగిస్తే అరగంట జల్లుకు అది చాలు. ఒకవేళ నీరు లోపలికి దిగిందన్న అనుమానం వస్తే, పనిచేస్తుందో లేదో చూడటానికి స్విచ్ వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు బ్యాటరీ తీసివేయాలి, తర్వాత మెమరీ కార్డు తీయాలి, ఆ తర్వాతే తుడవాలి.

అపోహ: ఏసీ కారులో ఉంచితే కెమెరా భద్రంగా ఉంటుంది.

వానాకాలపు ఉదయం బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలిలోని ఆవిరి దాదాపు 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. 22 డిగ్రీల ఏసీలో రెండు గంటలు చల్లబడిన లెన్సును నల్లమల దారిలోని మన్ననూరు దాటాక కారు దిగి ఒక్కసారిగా బయటికి తీస్తే, చల్లని చెంబు మీద పట్టినట్టే గాజు మీద చెమ్మ పడుతుంది. ముందు గాజును తుడిచిన కొద్దీ అది మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది. ఆ తొందరలో లెన్స్ మార్చితే అదే తేమ, చిత్రాన్ని నమోదు చేసే సెన్సర్ ముందున్న గాజు పలక మీదికి చేరుతుంది. గమ్యం అరగంట దూరంలో ఉండగానే ఏసీ ఆపి అద్దాలు దించడం, లేదా కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో మూసి, బయటి వేడికి అలవాటు పడేదాకా తెరవకుండా ఉంచడం దీనికి సులువైన మార్గం.

వానాకాలంలో బ్యాగును ఏసీ చల్లదనం అంతగా తగలని డిక్కీలో పెట్టడమూ మంచిదే. అయితే రోహిణి కార్తెలో ఇదే సలహా పాటించకూడదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. చాలా కెమెరాల మాన్యువళ్లు వాడకానికి చెప్పే హద్దు 40 డిగ్రీలు.

అపోహ: బ్యాగులో కలరా ఉండలో కర్పూరమో వేస్తే బూజు పట్టదు; తడిసిన కెమెరాను బియ్యంలో పెడితే బాగవుతుంది.

బట్టల పెట్టె అలవాటును కెమెరాకు అంటగట్టడం వల్ల పుట్టిన నమ్మకం ఇది. కలరా ఉండలు, కర్పూరం ఉన్నచోట కెమెరాను ఉంచవద్దని నికాన్ మాన్యువళ్లే హెచ్చరిస్తాయి. ఆ ఆవిరి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మంచిది కాదు, బూజుకు కారణమైన తేమను అది తగ్గించదు కూడా. బియ్యం తేమను పీల్చే వేగం చాలా తక్కువ. దాని తవుడు పొడి మాత్రం సందుల్లో చేరి కొత్త సమస్య తెస్తుంది.

నా మొదటి వైడ్ యాంగిల్ లెన్సును నేను బూజు వల్లే పోగొట్టుకున్నాను. మల్లెలతీర్థం నుంచి వచ్చిన రాత్రి అలసిపోయి బ్యాగును బీరువాలో పెట్టాను. తర్వాత ముసురు పట్టడంతో దాదాపు నెల రోజులు దాన్ని తీయనే లేదు. తీసి చూసేసరికి లోపలి గాజు మీద సాలెగూడులాంటి తీగలు అల్లుకుని ఉన్నాయి. ఎండలో పెడితే బూజు చావవచ్చు గానీ, అది విడిచే ఆమ్లం గాజు పూతను ఒకసారి తిన్నాక ఆ గుర్తు పోదు.

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. సుమారు 65 నుంచి 70 శాతం దాటిన తేమ, చీకటి, కదలని గాలి దొరికితే అవి మొలకెత్తుతాయి. రబ్బరు అంచు ఉన్న గాలి చొరబడని డబ్బా, అందులో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు, తేమను కొలిచే ఒక చిన్న మీటరు ఉంటే చాలు. తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే మేలు. మరీ ఎండగడితే రబ్బరు పట్టీలు, లోపలి గ్రీజు దెబ్బతినవచ్చు. సిలికా జెల్ రంగు మారితే దాదాపు 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి మళ్ళీ వాడుకోవచ్చు. నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక పిల్లలకు అందనివ్వకూడదు, వంట గిన్నెల్లో వేడి చేయకూడదు. అసలు అన్నిటికంటే తేలికైన పని, వచ్చిన రాత్రే బ్యాగు జిప్పులన్నీ తెరిచి, మెడ పట్టీతో సహా ఫ్యాను కింద ఆరబెట్టడం.

అపోహ: యూవీ ఫిల్టర్ ఉంటే లెన్స్ పగలదు.

యూవీ ఫిల్టర్ అంటే లెన్స్ ముందు బిగించే పారదర్శకమైన గాజు పలక. దుమ్ము, తుంపర, వేలిముద్రల నుంచి కాపాడటానికి అది పనికొస్తుంది. కృష్ణ ఒడ్డునున్న సోమశిలలో నేనూ వాడతాను. కింద పడినప్పుడు మాత్రం పగిలిన ఫిల్టర్ ముక్కలే ముందు గాజును గీకిన సందర్భాలున్నాయి. దెబ్బను ఆపడానికి లెన్స్ హుడ్ మేలు. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు ఫిల్టర్ తీసేయకపోతే చిత్రంలో అనవసరపు కాంతి మచ్చలు రావచ్చు.

అపోహ: మెత్తని గుడ్డ ఏదైనా లెన్స్ తుడవడానికి పనికొస్తుంది.

మన నేల రాతి నేల. దేవరకొండ, భువనగిరి గుట్టల మీద గాలిలో ఎగిరేది ఎక్కువగా గ్రానైటు పొడే. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం గాజు కంటే గట్టిది. దాన్ని కండువా అంచుతో రుద్దడం గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, తర్వాత బ్రష్‌తో దులిపి, చివరిగా మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి. నోటితో ఊదితే ఉమ్మి చుక్కలు పడతాయి.

అపోహ: గాలి వీస్తే ట్రైపాడ్‌కు బరువైన బ్యాగు వేలాడదీస్తే చాలు.

స్వేచ్ఛగా వేలాడే బ్యాగు గాలికి ఊగి ట్రైపాడ్‌నే ఊపుతుంది. అది నేలను కాస్త తాకేలా ఉండాలి. సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గినప్పుడు మిగిలే మెత్తటి ఒండ్రులో కాళ్లు దింపాల్సి వస్తే, ముందుగా కింది సన్నని భాగాన్ని పూర్తిగా బయటికి లాగి, బిగించే కీలు బురదకు పైన ఉండేలా చూసుకోవాలి. ఇక్కడి నీటిలో సముద్రపు ఉప్పు లేదు కాబట్టి ఇంటికి వచ్చాక కుళాయి నీటితో కడిగి, కాళ్లు పూర్తిగా చాచి ఆరబెడితే సరిపోతుంది. తడిగా ముడిచిపెడితే లోపల చేరిన ఒండ్రు ఎండి గట్టిపడి, మరుసటి ఉదయం కాళ్లు బయటికి రావు.