జేమ్స్ వెబ్ లెక్కలు ఎక్కడ మారాయి? 2022 జులై 29 నాటి కథ

అతి దూరపు గెలాక్సీ ఒకటి దొరికిందన్న ప్రకటన వచ్చినప్పుడల్లా జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌పై పాత అనుమానం తిరిగి లేస్తుంది: "2022లోనూ ఇలాగే చెప్పి, తర్వాత అంకెలు మార్చుకున్నారు కదా?" మార్చుకున్న మాట నిజం. ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందన్నదే అసలు విషయం.

ప్రయోగం, అద్దం విచ్చుకోవడం, జులై 12 నాటి తొలి చిత్రాలు అందరికీ తెలిసినవే. మలుపు ఆ తర్వాత 17 రోజులకు వచ్చింది.

వెబ్‌లో దగ్గరి పరారుణ కాంతిని పట్టే నియర్‌క్యామ్ కెమెరాలో 10 డిటెక్టర్లు ఉన్నాయి. పొట్టి తరంగాలకు 8, పొడుగు తరంగాలకు 2. ఒక్కొక్కటీ 2048×2048 పిక్సెళ్ల మెర్క్యురీ క్యాడ్మియం టెల్యురైడ్ పలక. ఎక్స్‌పోజర్ నడుస్తుండగానే పిక్సెల్‌లో పోగైన చార్జిని చెరపకుండా పదేపదే చదువుతారు. ఆ రీడింగులు ఎంత వేగంగా పెరుగుతున్నాయో అదే వెలుగు కొలత. కాస్మిక్ కిరణం తగిలితే మధ్యలో మెట్టులా గెంతు కనిపిస్తుంది, దాన్ని తీసేస్తారు. డార్క్ (వెలుగు లేకున్నా వచ్చే సిగ్నల్), లీనియారిటీ (వెలుగుకు తగ్గట్టు పెరగని రీడింగులు), ఫ్లాట్ (పిక్సెళ్ల మధ్య తేడాలు) సవరణలయ్యాక సెకనుకు వచ్చిన కౌంట్లను ఒక సంఖ్యతో గుణించి అసలు ప్రకాశంగా మారుస్తారు. ఈ సంఖ్య డిటెక్టర్‌ను, ఫిల్టర్‌ను బట్టి మారుతుంది. జులైలో అందరూ వాడింది ప్రయోగానికి ముందు భూమి మీద కట్టిన అంచనా సంఖ్యలనే.

అంతరిక్షంలో టెలిస్కోప్ అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. కౌంట్లు ఎక్కువొచ్చాయి. వాటిని పాత సంఖ్యతో గుణిస్తే గెలాక్సీ ఉన్నదానికంటే ప్రకాశవంతంగా తేలుతుంది. పొడుగు తరంగాల్లోనే ఇలా జరిగితే అది మరింత ఎర్రగా, మరింత బరువుగా లెక్కకొస్తుంది. జులై 29న, వెబ్‌ను నడిపే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రామాణిక నక్షత్రాల (ప్రకాశం ముందే కచ్చితంగా తెలిసినవి) కొలతలతో కొత్త సంఖ్యలు విడుదల చేసింది. అయినా డిటెక్టర్ల మధ్య తేడాలు మిగిలాయి. ఎం92 గోళాకార గుచ్ఛంలోని నక్షత్రాలతో మరో బృందం వాటిని సరిచూసింది. అక్టోబరులో ఇన్‌స్టిట్యూట్ ఇంకో విడత సవరణ ఇచ్చింది. ఇందులో దాచిందేమీ లేదు. తొలి నెలల క్యాలిబ్రేషన్ పని, అంటే పరికరం కొలతలను సరిదిద్దడం, ఇలాగే సాగాలి.

పాత సంఖ్యలతోనే పరిశోధన పత్రాలు తొందరగా రాసినవారి వాదన: డేటా అందరికీ ఒకేసారి వచ్చింది, ఆగితే ఇంకొకరు ముందుంటారు.

ఫలితం గ్లాస్-జెడ్13 అనే దూరపు గెలాక్సీ పేరులోనే కనిపిస్తుంది. అందులోని 13 దాని రెడ్‌షిఫ్ట్ అంచనా; విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే ఈ అంకె పెద్దదైతే గెలాక్సీ అంత దూరం. సవరణల తర్వాత అది గ్లాస్-జెడ్12 అయింది. 2024లో ప్రచురితమైన స్పెక్ట్రమ్ (కాంతిని తరంగాలుగా విడదీసిన కొలత) దాని రెడ్‌షిఫ్ట్‌ను 12.34గా తేల్చింది. గెలాక్సీ నిజమే, అంకె మాత్రం తగ్గింది. రెడ్‌షిఫ్ట్ 16 దాటిందన్న సీర్స్-93316 అనే మరో గెలాక్సీ చివరికి 4.9 దగ్గర తేలడం వేరే సంగతి. అక్కడ మోసగించింది ఉద్గార రేఖలు, అంటే వేడి వాయువు కొన్ని తరంగాల వద్దే వెదజల్లే బలమైన వెలుగు. ఆ తప్పును కూడా క్యాలిబ్రేషన్ ఖాతాలో వేయడం అన్యాయం.

క్యాలిబ్రేషన్ ఒక్కసారితో ముగిసే పని కూడా కాదు. 7 కెల్విన్‌ల లోపు చల్లదనంలో పనిచేసే, వెబ్‌లోనే ఉన్న మిరీ పరికరంలో అతి పొడుగు తరంగాల వద్ద సిగ్నల్ క్రమంగా తగ్గుతోందని 2023లో ప్రకటించారు. అందుకే ఇప్పుడు పరిశీలన తేదీని బట్టి సవరణ మారుతుంది.

పాత నియర్‌క్యామ్ పత్రాన్ని సాక్ష్యంగా చూపేవారు అందులో వాడిన రిఫరెన్స్ ఫైళ్ల కాంటెక్స్ట్ సంఖ్య, అంటే ఏ విడత సవరణ సంఖ్యలు వాడారో చెప్పే గుర్తు, చూడాలి. 0942 జులై 29ది, 0989 అక్టోబరుది. 0942 కంటే ముందుదైతే ఆ ప్రకాశం అంకెలు భూమి మీది అంచనాలపై కట్టినవే.