బాదం బోడిగా, కొబ్బరి పచ్చగా

చిట్టితల్లికీ, బుజ్జినాన్నకీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టితల్లీ, నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ ఇంటి వెనక అంతా మంచు, చెట్లన్నీ మోడులు, మధ్యలో పైన్ చెట్టొక్కటే పచ్చగా ఉంది. "దానికి చలి వెయ్యదా తాతయ్యా?" అని అడిగావు. అదే వారం ఇక్కడ భోగి మంటకి ఎండుటాకులు ఏరుతూ బుజ్జినాన్న, బాదం ఆకులు ఎర్రబడి రాలిపోతుంటే పక్కనున్న కొబ్బరికి ఏమీ కాలేదేమని అడిగాడు. రెండింటికీ జవాబు ఒక దగ్గరే ఉంది కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

చెట్టుకి చలి కన్నా పెద్ద కష్టం దాహం. ఆకుకి కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి లోపలికి వెళ్తుంది, నీరు ఆవిరై బయటికి పోతుంది. వేళ్లు తోడి పంపుతున్నంతకాలం ఫరవాలేదు. మీ దగ్గర చలికాలంలో నేలలో నీళ్లే గడ్డకడతాయి కదా, అప్పుడు వెడల్పాటి పల్చటి ఆకులు ఉంచుకుంటే చెట్టు ఎండిపోతుంది, వాటి మీద మంచు పేరుకుంటే కొమ్మలు విరుగుతాయి. అందుకే పగళ్లు పొట్టివవుతుండగానే చెట్టు ఆకులోని నత్రజని, భాస్వరం లాంటి సారాన్ని వెనక్కి కొమ్మల్లోకి లాగేసుకుని, తొడిమ మొదట్లో ఒక పొర ఏర్పరచుకుని, ఆకుని వదిలేస్తుంది. పైన్ ఆకు అలా కాదు, సూదిలా సన్నగా ఉంటుంది, పైన మైనం పూత, రంధ్రాలు లోతుగా, మంచు పడినా జారిపోతుంది. నీళ్లు పెద్దగా పోవు కాబట్టి ఉంచుకున్నా నష్టం లేదు, ఎండ కాసిన రోజున వాటితో కాస్త వంట కూడా చేసుకోవచ్చు, అంటే తన ఆహారం తయారుచేసుకోవచ్చు.

ఇక మన గోదావరి వైపు నీళ్లు గడ్డకట్టే చలి ఎప్పుడూ రాదు. కానీ కార్తీకం దాటాక వానలు తగ్గిపోయి, మళ్లీ జూన్ దాకా గట్టి వాన ఉండదు. బాదం, బూరుగు, టేకు లాంటివి ఆ ఎండుకాలాన్ని ఆకులు దించుకుని గడుపుతాయి. బూరుగైతే ఒక్క ఆకూ లేకుండానే ఎర్రటి పూలు పూస్తుంది, నాకు చిన్నప్పటినుంచీ అదంటే ఇష్టం. మామిడి, కొబ్బరి ఆకులు దళసరివి, గట్టివి. అలాంటి ఆకు తయారుచేయడానికి చెట్టుకి చాలా ఖర్చు, అందుకే ఎక్కువకాలం వాడుకుంటుంది. మన డెల్టాలో కాలవలూ, పైపైనే దొరికే నీళ్లూ ఉండటం వాటికి కలిసొచ్చింది.

అయితే ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: పచ్చగా ఉన్న చెట్టు ఆకులు రాల్చదనుకోవద్దు. ఒకేసారి రాల్చదు, అంతే. పైన్ సూదులు చాలావరకు రెండు నుంచి నాలుగేళ్లుంటాయి. కొబ్బరికి నెలకి దాదాపు ఒక కొత్త మట్ట వస్తుంది, ఒక్కో మట్ట తలమీద రెండున్నర, మూడేళ్లుండి రాలుతుంది, కింద ఒకటి పోయేసరికి పైన మొవ్వులోంచి ఇంకొకటి విచ్చుకుంటుంది కాబట్టి మనకి ఆ తేడా తెలియదు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి చూపిస్తానన్నాను కదా బుజ్జినాన్నా, అక్కడ చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి, అయినా దాహమే, ఎందుకంటే అది ఉప్పునీరు. అయినా ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. తెల్లమడ ఆకులు ఉప్పుని తమ మీదికి కక్కేస్తాయి, వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే తెలుస్తుంది.

చిట్టితల్లీ, నీ ఫొటోలో కుడివైపు ఎండిన గోధుమరంగు ఆకులు పట్టుకుని ఉన్న చెట్టు ఓక్ అయ్యుండాలి. వాటిలో, ముఖ్యంగా లేత చెట్లలో, కింది కొమ్మల్లో, నేను చెప్పిన ఆ పొర వసంతం దాకా పూర్తికాదు. ఆకు చనిపోయినా ఊడదు. లోపలి మొగ్గల్ని జింకలు తినకుండా అది అడ్డమని కొందరంటారు, వసంతంలో రాలి ఎరువవడానికని ఇంకొందరంటారు.

బుజ్జినాన్నా, దొడ్లో కొబ్బరి మొద్దు మీద గాట్లున్నాయే, ఒక్కొక్కటీ ఒక మట్ట ఊడిన చోటు. రేపు నీ ఎత్తు వరకూ ఎన్నున్నాయో లెక్కపెట్టి అక్కకి మెసేజ్ పెట్టు.

మీ తాతయ్య