బ్రేకు తొక్కితే ఆరిపోయే దీపం

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "నాన్న వాడిన అంబాసిడర్‌ను బాగు చేయించి కొత్త పెయింటు వేయించాం. రాత్రి లైట్లు వేసుకొని బ్రేకు తొక్కితే కుడివైపు వెనక దీపం ఇంకా ఎక్కువ వెలగాల్సింది పోయి ఆరిపోతోంది. బల్బు మార్చినా అంతే. ఎందుకు?"

ఎంత మంచి ప్రశ్న! ఒక్క స్క్రూ కింద దాగిన ఈ తప్పులో పదో తరగతి విద్యుత్ పాఠం మొత్తం ఉంది.

పాత కార్ల వెనక దీపంలో ఉండేది సాధారణంగా డబుల్ కాంటాక్ట్ బల్బు. దాంట్లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: రాత్రి వెలిగేది 5 వాట్లది, బ్రేకుకు వెలిగేది 21 వాట్లది. రెండింటికీ కరెంటు వేర్వేరు వైర్లలో వస్తుంది కానీ తిరిగి వెళ్లే దారి ఒక్కటే, బల్బు అడుగున ఉండే ఇత్తడి తొడుగు. అక్కడి నుంచి హోల్డర్‌కు, హోల్డర్ నుంచి కారు బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి. మెకానిక్కులు 'బాడీ ఎర్త్' అనేది దీన్నే. పెయింటు కరెంటును పోనివ్వదు, తుప్పు కూడా దాదాపు అంతే. పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, అద్దంలా మెరిసేలా రంగు వేసి, దాని మీదే దీపాన్ని బిగిస్తే ఎర్త్ పోతుంది.

మరి ఎర్త్ పోతే దీపం అసలు వెలగకూడదు కదా? బ్రేకు తొక్కనంతసేపూ ఎలా వెలుగుతోంది?

కాకతీయుల గొలుసుకట్టు చెరువులను తలచుకోండి. కుడివైపు బల్బు ఒక చిన్న కుంట అనుకుందాం. దానిలోకి రెండు కాల్వలు: 5 వాట్లది సన్నటిది, 21 వాట్లది వెడల్పాటిది. నీళ్లు బయటికి పోయే మత్తడి ఒక్కటే, అదే ఎర్త్. ఆ మత్తడి పూడిపోయింది. రాత్రి లైట్లు వేస్తే సన్న కాల్వ నుంచి నీళ్లొస్తాయి. మత్తడి మూసుకుపోయింది గనుక, ఖాళీగా ఉన్న వెడల్పు కాల్వలోకి ఎదురెక్కుతాయి. ఆ కాల్వ ఎడమవైపు కుంటకూ కలిసే ఉంటుంది, ఎందుకంటే రెండు బ్రేకు దీపాలకూ ఒకే స్విచ్ నుంచి వైరు వస్తుంది. నీళ్లు అక్కడికి చేరి ఎడమ కుంట మత్తడి దూకి పోతాయి. ప్రవాహం ఉంది గనుక సన్న కాల్వలోని ఫిలమెంటు వెలుగుతుంది.

ఎంత వెలుగుతుంది? వేడెక్కిన 5 వాట్ల ఫిలమెంటు నిరోధం సుమారు 29 ఓంలు. ఎదురు దారిలో తగిలే రెండు 21 వాట్ల ఫిలమెంట్లు చల్లగా ఉంటాయి. చల్లని టంగ్‌స్టన్ నిరోధం వేడి మీద ఉండేదానిలో సుమారు పదో వంతే, కాబట్టి రెండూ కలిసినా ఒకటి, ఒకటిన్నర ఓం. అంటే 12 వోల్టుల్లో దాదాపు అన్నీ 5 వాట్ల ఫిలమెంటుకే దక్కుతాయి. బయట నిలబడి చూస్తే దీపం బాగానే ఉందనిపిస్తుంది!

ఇప్పుడు బ్రేకు తొక్కండి. వెడల్పు కాల్వలోనూ నీళ్లు అదే ఎత్తున వచ్చి నిలుస్తాయి. రెండు కాల్వల్లోనూ మట్టం ఒక్కటే, మత్తడి మూసే ఉంది. మట్టంలో తేడా లేనిదే నీళ్లు కదలవు. ఫిలమెంటు ఆ చివరా 12 వోల్టులే, ఈ చివరా 12 వోల్టులే. దీపం ఆరిపోతుంది. లైట్లు వేయకుండా పగలు బ్రేకు తొక్కి చూడండి. అప్పుడు నీళ్లు వెడల్పు కాల్వలో వచ్చి సన్న కాల్వలోకి ఎదురెక్కుతాయి, బ్రేకు దీపం బదులు మసక రాత్రి దీపం వెలుగుతుంది.

బడిలో సర్క్యూట్ అంటే బోర్డు మీద నలుచదరపు గీత గీసి వదిలేస్తున్నాం. పాత సామాన్ల దుకాణంలో దొరికే వెనక దీపం ఒకటి తెచ్చి, ఎర్త్ తీసి, ఏమవుతుందో పిల్లలనే చెప్పమంటే సర్క్యూట్‌లో కరెంటు, వోల్టేజీ ఎలా పంచుకుంటాయో చెప్పే 1845 నాటి కిర్కాఫ్ నియమాలు జీవితాంతం గుర్తుంటాయి. బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకోండి, అది మీ నమ్మకం. కానీ దీపాలు ఇలా ఆరుతుంటే "బండి అచ్చిరాలేదు" అని వచ్చిన ధరకు అమ్మేసుకునేవాళ్లను చూస్తే నాకు బాధ. మేడారం జాతరప్పుడు ములుగు, తాడ్వాయి దారిలో దుమ్ము లేస్తుంటే వెనకవాడికి కనిపించేది ఆ ఎర్ర దీపాలే. బ్రేకు తొక్కినప్పుడు ఆరిపోయే దీపం అసలు లేని దీపం కన్నా ప్రమాదం.

ఎర్త్ పూర్తిగా పోకుండా సగం పోవడం ఇంకా మామూలు. అప్పుడు మల్టీమీటర్‌ను ఓంలలో పెట్టి చూస్తే మోసపోతారు. మీటరు పంపే కరెంటు చాలా తక్కువ, ఒక్క పోగు అంటుకొని ఉన్నా అది సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. బ్రేకు దీపం మాత్రం ఒకటిన్నర ఆంపియరుకు పైగానే లాగుతుంది. అందుకని మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, రెండోది బల్బు హోల్డర్ లోహానికి తాకించి, బ్రేకు తొక్కించి చూడండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 1.5 వోల్టులు చూపిస్తే అక్కడ దాదాపు 1 ఓం అడ్డం ఉన్నట్టు. బల్బుకు పన్నెండుకు పదిన్నర వోల్టులే చేరతాయి. వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది కాబట్టి మూడో వంతుకు పైగా వెలుగు పోయినట్టే.

మరమ్మతుకు పెద్ద ఖర్చు లేదు. హోల్డర్ బిగించే చోట రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, లోహం తెల్లగా కనిపించాక పళ్లున్న వాషర్ వేసి బిగించండి. ఆ పళ్లు లోహంలోకి దిగుతాయి. మీద వాజిలిన్ రాస్తే వానాకాలం తడికి మళ్లీ తుప్పు పట్టదు. నన్నడిగితే హోల్డర్ నుంచి బాడీ బోల్టుకు విడిగా ఒక నల్ల వైరు లాగడమే మేలు. బ్రిటిష్ విడిభాగాల కంపెనీ లూకస్ పద్ధతి వైరింగ్‌లో ఎర్త్ రంగు నలుపే, వెనక దీపానికి ఎరుపు, బ్రేకుకు ఆకుపచ్చ మీద ఊదా గీత. అయితే ఇన్నేళ్లలో ఎవరెవరో వైర్లు మార్చి ఉంటారు గనుక రంగును నమ్మకుండా టెస్ట్ లాంపుతో (వైరులో కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం) చూసుకోండి. ఎడమవైపు కూడా ఇలాగే కొలవండి, దానికీ అదే పెయింటు పడింది కదా.