సౌదీ ఇసుక కింద పాత వానలు

సౌదీ అరేబియా ఉత్తరాన, నఫూద్ ఎడారిలో, అలాథర్ అనే చోట ఎప్పుడో ఎండిపోయిన చెరువు ఒకటుంది. దాని అడుగున గట్టిపడిన మట్టిలో దొరికిన అడుగుజాడల వివరాలను పరిశోధకులు 2020లో ప్రకటించారు. ఏనుగులవి, ఒంటెలవి, గుర్రం జాతి జంతువులవి, వాటి మధ్యలో కొన్ని మనుషులవి. వయసు దాదాపు 1,20,000 ఏళ్లు. ఏనుగుకు రోజుకు వంద లీటర్ల దాకా నీళ్లు కావాలి. అది తిరిగిందంటే ఆ చుట్టుపక్కల పచ్చిక, మంచినీళ్లు బాగానే ఉండేవన్నమాట. ఇప్పుడక్కడ ఏడాదంతా కలిపినా వంద మిల్లీమీటర్ల వాన పడదు. అనంతపురంలో కరువొచ్చిందని మనం గోల పెట్టే ఏడాదిలో కూడా అంతకు మూడు రెట్లు పడుతుంది.

అప్పటి ఆ వానలు ఎక్కడివి? భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరు, దాని ఇరుసు వాలు వేల ఏళ్ల మీద నెమ్మదిగా మారుతుంటాయి. కొన్ని కాలాల్లో ఉత్తరార్ధగోళానికి వేసవి ఎండ ఎక్కువ తగులుతుంది. అప్పుడు ఋతుపవనాలు ఇప్పటికంటే బాగా ఉత్తరానికి ఎగబాకి అరేబియా లోపలి దాకా వెళ్తాయి. చివరిసారి అలా జరిగింది సుమారు 10,000 నుంచి 6,000 ఏళ్ల కిందట. జుబ్బా, షువైమిస్ కొండల మీద ఆ నాటి మనుషులు పొడవాటి కొమ్ముల పశువుల్ని చెక్కి పెట్టారు. ఆవుల మందలు ఎడారిలో బతకవు కదా.

ఆ వానలు ఆగిపోయాయి. కానీ నీళ్లన్నీ ఆవిరైపోలేదు. కొంత భాగం భూమిలోకి ఇంకి, సాక్ లాంటి ఇసుకరాతి పొరల్లో వందల మీటర్ల లోతున నిలిచిపోయింది.

ఆ నీళ్ల వయసు కనుక్కునే పద్ధతి చెప్పుకోదగ్గది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు, మొక్కల వేళ్లు వదిలిన బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుపోతుంది. అందులో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పిసరంత ఉంటుంది. లోతుకు దిగాక కొత్త సరుకు రాదు, ఉన్నది మాత్రం ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతూ ఉంటుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వాన ఎప్పుడు పడిందో తెలుస్తుంది. మధ్యలో సున్నపురాయి తన పాత కార్బన్‌ను కలిపి లెక్క చెడగొడుతుంది కాబట్టి సవరణలు చేయాలి. అవన్నీ చేశాక సౌదీ లోతు బోర్ల నీళ్లకు పది వేల ఏళ్లు, ముప్పై వేల ఏళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే తేలాయి. తోడిన దానికి బదులుగా ఇప్పుడు లోపలికి చేరేది లేనట్టే.

వందల ఏళ్లు దీనివల్ల ఇబ్బందేమీ రాలేదు. దేశం నడిమి ప్రాంతమైన నజ్ద్ పల్లెల్లో బావి మీద గిలకలు కట్టి, ఒంటెల్నో గాడిదల్నో ఏటవాలు బాటలో కిందికి నడిపిస్తూ తోలుసంచితో నీళ్లు తోడేవాళ్లు. మన మోటబావి లాంటిదే, ఎద్దుల బదులు ఒంటెలు. ఒంటె అలిసేదాకానే నీళ్లు. ఆ నీళ్లు చాలినంత మేరే తోట, ఆ తోట చాలినంత మందే ఊరు.

తర్వాత డీజిల్ పంపు వచ్చింది, వెనకాలే గోధుమ వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు, బదులుగా మనం వాళ్లకు తిండిగింజలు ఆపుదామన్న మాట అమెరికాలో వినిపించింది. సౌదీ ప్రభుత్వానికి ఆ టెన్షన్ పట్టుకుంది. గోధుమను ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి కొంటామని ప్రకటించింది. ఒక చివర బావి దగ్గర బిగించి ఉండి, చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే సెంటర్ పివట్ యంత్రాలు వేలల్లో దిగాయి. ఎడారిలో పచ్చటి వృత్తాలు ఉపగ్రహ చిత్రాల్లో బొట్టుబిళ్లల్లా కనిపించేవి. 1980ల మధ్యకల్లా దేశానికి సరిపడా గోధుమ పండింది. 1990ల మొదట్లో పంట దాదాపు 40 లక్షల టన్నులకు చేరింది. సౌదీ అరేబియా గోధుమను ఎగుమతి చేసే పెద్ద దేశాల్లో ఒకటైంది!

టన్ను గోధుమ పండాలంటే వెయ్యి టన్నుల నీళ్లు కావాలన్నది మామూలు లెక్క. ఆ ఎండలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే వాళ్లు ఓడలకెక్కించింది గోధుమను కాదు, ఏనుగులు తిరిగిన కాలం నుంచీ పోగైన వానల్ని అనుకోవచ్చు. చమురు తరిగిపోతుందని లోకమంతా మాట్లాడింది గానీ, చమురుకు ఏదో ఒక ప్రత్యామ్నాయం ఉంటుంది. తాగే నీళ్లకు లేదు. నా మటుకు నాకు ఇది చమురు కంటే పెద్ద దుబారా. తూర్పున అల్ అహ్సా ఒయాసిస్సులో దాదాపు పాతిక లక్షల ఖర్జూర చెట్లున్నాయి, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేరింది. ఒకప్పుడు అక్కడ ఊటలు వాటంతటవే ఉబికేవి. ఇప్పుడు పంపులు, శుద్ధిచేసిన మురుగునీళ్లే ఆ చెట్లకు దిక్కు.

2008లో ప్రభుత్వం దిగొచ్చింది. గోధుమ కొనుగోళ్లు ఏటేటా తగ్గించి 2016కల్లా ఆపేసింది. ఈలోపు రైతులు తెలివిగా లూసర్న్ గడ్డికి మారారు. అది ఏడాది పొడవునా కోతకొచ్చే మేత, గోధుమను మించిన దప్పిక దానిది. అందుకే తర్వాత పచ్చిమేత మీద కూడా ఆంక్షలు పెట్టి, గోధుమను పరిమితులతో మళ్లీ కొంత అనుమతించారు. మేత కోసం అల్మరాయ్ అనే పాల కంపెనీ 2014లో అమెరికా వెళ్లి అరిజోనాలో దాదాపు పది వేల ఎకరాలు కొన్నది. అదీ ఎడారే, అక్కడా భూగర్భజలమే. అక్కడివాళ్లు ఊరుకుంటారా, పెద్ద రగడైంది.

ఊళ్లకు మాత్రం ఇప్పుడు సముద్రమే ఎక్కువ భాగం నీళ్లిస్తోంది. ఉప్పునీటిని మంచినీటిగా మార్చడంలో ప్రపంచంలో ముందున్నది సౌదీయే. రియాద్‌కు నీళ్లు గల్ఫ్ ఒడ్డున ఉన్న జుబైల్ నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైగా పైపుల్లో వస్తాయి. రియాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు ఎక్కించడానికే, నష్టాలేవీ లేవనుకున్నా, 1.6 యూనిట్ల కరెంటు కావాలి. ఉప్పు తీయడానికి అయ్యేది ఇంకో మూడు నాలుగు యూనిట్లు. ఇళ్లలో వాడాక ఆ నీళ్లను శుద్ధిచేసి నగరం పక్కన వాదీ హనీఫా లోయలోకి వదులుతారు. వానకు మాత్రమే పారే ఆ వాగు ఇప్పుడు రియాద్ దక్షిణాన ఏడాదంతా పారుతోంది. రెల్లు పెరిగింది, పక్షులొచ్చాయి. ఆ లోయ పునరుద్ధరణకు 2010లో వాస్తుశిల్పానికిచ్చే ఆగాఖాన్ అవార్డు కూడా దక్కింది.

పచ్చిక బయళ్ల కథ వేరు. ఎడారిలో మందలతో తిరిగే సంచార తెగలైన బెదూయిన్లు వాన పడిన చోటికి మందను తోలుకుపోయేవాళ్లు. నీళ్లు అయిపోగానే కదలక తప్పదు కాబట్టి గడ్డికి మళ్లీ తేరుకునే వ్యవధి దొరికేది. కొన్ని బయళ్లను ‘హిమా’ అని పక్కన పెట్టి, ఎప్పుడు మేపాలో తెగలే నిర్ణయించేవి. ట్యాంకర్ లారీ వచ్చాక మంద నీళ్ల దగ్గరికి పోనక్కర్లేదు, నీళ్లే మంద దగ్గరికి వస్తాయి. దానికి తోడు దిగుమతి బార్లీ మీద సబ్సిడీ ఉండేది. సౌదీ ఏళ్ల తరబడి ప్రపంచంలో బార్లీని అత్యధికంగా కొన్న దేశం. కడుపు బార్లీతో నిండుతుంటే మంద ఒకేచోట నిలబడి, వేళ్లతో సహా గడ్డిని కొరికేస్తుంది.

ఇక మందతో ఉండే మనిషి కూడా మారాడు. 2022 జనగణనలో 3.22 కోట్ల జనాభా తేలితే, అందులో 1.34 కోట్లు విదేశీయులు, వాళ్లలో భారతీయులు 18 లక్షల పైనే. మంద యజమాని పట్నంలో ఇల్లు కట్టుకున్నాడు, పిల్లలు బడికి పోతున్నారు, సెలవురోజున పికప్‌లో వచ్చి చూసుకుపోతాడు. డ్రైవర్ వీసా అని వెళ్లి మజ్రాలోనో, అంటే అక్కడి పొలంలోనో, గొర్రెల దగ్గరో తేలినవాళ్ల కథలు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో కొల్లలు. ఖఫీల్, అంటే పనికి పెట్టుకున్న యజమాని, తెచ్చే ట్యాంకరే వాళ్లకూ మందకూ నీళ్లు. బెదూయిన్ పిల్లలు తండ్రి వెనక తిరుగుతూ నేర్చుకున్న విద్య, అంటే ఏ పొదను ఒంటె తింటుంది, ఏది తింటే దానికి జబ్బు చేస్తుంది అన్నది, ఇవాళ రోజూ చూసి తెలుసుకుంటున్నది చాలాచోట్ల సూడాన్ మనిషో, బంగ్లాదేశ్ మనిషో, జగిత్యాల మనిషో.