ఆ ఉగాది రాత్రి పడ్డ రింగు సంగతి

నాలుగేళ్ళ కిందటి మాట అనుకోకండి, 2022లో మహారాష్ట్రలోని మన చంద్రపూర్ జిల్లాలో ఆకాశం నుంచి పడ్డ రాకెట్ రింగు ఫొటోలు మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. పైనుంచి పడేదాన్ని ఎవడాపుతాడు అని ఒకరు, వదిలినోడిదే బాధ్యత అని ఇంకొకరు. 1979లో కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ గోల ప్రతి ఇంట్లో చెప్పుకున్నదే కాబట్టి దాన్ని వదిలేద్దాం.

2022 ఏప్రిల్ 2న, అందరం ఉగాది పచ్చడి తిన్న రోజే, పొద్దుగూకాక మన చంద్రపూర్ జిల్లా సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీలో దాదాపు 3 మీటర్ల లోహపు రింగు ఖాళీ జాగాలో పడింది. చుట్టుపక్కల ఊళ్ళలో బంతుల్లాంటి గోళాలు దొరికాయి, అవి గ్యాస్ నింపే ట్యాంకులు. అల్యూమినియం దారిలోనే కరిగిపోతుంది గానీ టైటానియం లాంటివి అంత వేడికీ ఆగి కిందిదాకా వస్తాయి. 2021 ఫిబ్రవరిలో చైనా పంపిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ అయి ఉంటుందని జొనాథన్ మెక్‌డవెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అప్పుడే చెప్పాడు.

నన్నడిగితే అసలు మలుపు ఇది కాదు, 2023 మార్చి 7. ఆ రోజు ఇస్రో మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహాన్ని పసిఫిక్‌లో జనం లేని చోట దించింది. 2011లో ఎగిరిన ఆ వెయ్యి కిలోల ఉపగ్రహాన్ని అసలు అలా దించడానికి తయారు చెయ్యలేదు. ట్యాంకులో వంద కిలోలకు పైగా ఇంధనం మిగిలి ఉంటే, నెలల తరబడి ఇరవై సార్లు కక్ష్య తగ్గిస్తూ తెచ్చి, చివర్లో రెండుసార్లు ఇంజన్లు మండించి పడేశారు. దాని దారి భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల దాకా, అలాంటి కక్ష్యలో తిరిగేది ఎక్కువసేపు ఉండేది ఆ అంచుల దగ్గరే. మన చాందా (చంద్రపూర్) ఉన్నది కూడా దాదాపు 20 డిగ్రీల మీదే, అంటే దానంతటదే పడనిస్తే మన మీదా పడొచ్చు, చూసుకోండి!

అంటే రాకెట్లని ఇలా దించకుండా వదిలేసేది చేతగాక కాదు, చివరి మంటకి ఇంధనం దాచాలి, అంత బరువు మోసుకెళ్ళే సరుకులో తగ్గుతుంది, అదీ లెక్క. రాకెట్లవాళ్ళు ఎవరికైనా తగిలే అవకాశం 10,000లో 1 కంటే తక్కువుంటే చాలంటారు. ఒక్కో రాకెట్టుకి విడిగా వేసే లెక్కది, పడేవన్నీ కలిపితే వేరే సంగతి. మనమూ పత్తిత్తులం కాదు, 2023లో ఆస్ట్రేలియా బీచ్‌లో తేలిన డ్రమ్ము మన పీఎస్ఎల్‌వీ రాకెట్‌దే.

ఇక పరిహారం. అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టం మీద దేశాలు చేసుకున్న 1972 ఒప్పందం ప్రకారం నేల మీద నష్టమైతే పంపిన దేశమే కట్టాలి. 1978లో అణు రియాక్టరుతో కెనడాలో కూలిన కాస్మోస్ 954 ఉపగ్రహానికి సోవియట్లు 30 లక్షల కెనడా డాలర్లు కట్టారు. లాడ్‌బోరీలో మాత్రం రింగు ఖాళీ జాగాలో పడింది, ఒక్క గోడ కూడా కూలలేదు, అడగాలంటే నష్టం చూపించాలి కదా.